ఏసీకి, వేడినీళ్లకు సోలార్: ఆన్‌గ్రిడ్, బ్యాటరీ, సోలార్ ఏసీ, వాటర్ హీటర్‌లలో ఏ ఇంటికి ఏది?

ఏప్రిల్ నెల కరెంటు బిల్లు చేతికొచ్చాక సోలార్ గురించి ఆరా తీయడం మన ఇళ్లలో మామూలే. ఫోన్ చేసి అడిగితే ఒకరు ఆన్‌గ్రిడ్ (కరెంటు లైన్‌తో కలిపేది) పెట్టించండి, బిల్లు సున్నా అంటారు. ఇంకొకరు బ్యాటరీ లేని సోలార్ దండగ, హైబ్రిడ్ (లైన్, బ్యాటరీ రెండూ ఉండేది) తీసుకోండి అంటారు. మూడో ఆయన ఏకంగా సోలార్ ఏసీయే కొనేయమంటారు. పక్కింటి డాబా మీదున్న గాజు గొట్టాల వాటర్ హీటర్ చూస్తే, ఇవన్నీ ఎందుకు, అదొక్కటి చాలదా అనిపిస్తుంది. ఈ నాలుగూ మంచివే, కానీ నాలుగు వేర్వేరు అవసరాలకు. మీ ఇంటికి ఏది అన్నది తేలాలంటే ముందు ఒక్క విషయం దగ్గర ఆగాలి: ఎండ పగలు కాస్తుంది, మనం ఏసీ వేసేది రాత్రి.

ప్యానెళ్లు గట్టిగా పనిచేసేది ఉదయం పదింటి నుంచి మధ్యాహ్నం మూడింటి దాకా. చాలా ఇళ్లలో ఏసీ రాత్రి పదికి మొదలై తెల్లవారుజామున ఆగుతుంది. స్నానానికి వేడినీళ్లు పొద్దున ఆరింటికి కావాలి. ఆ రెండు వేళల్లోనూ ప్యానెల్ నుంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి పగటి ఎండను రాత్రి దాకా ఎక్కడ దాచుకుంటున్నాం అన్నదే అసలు లెక్క. గ్రిడ్‌లో, అంటే వీధి కరెంటు లైన్‌లో దాచుకోవచ్చు, బ్యాటరీలో దాచుకోవచ్చు, వేడినీళ్ల ట్యాంకులో దాచుకోవచ్చు, లేదంటే దాచకుండా పగలే వాడేసుకోవచ్చు. పైన ఎవరికి వారు చెప్పిన నాలుగు సలహాలూ ఈ నాలుగు దారులే.

## కొటేషన్ అడిగే ముందు తేల్చుకోవాల్సినవి

ఏడాది మొత్తం బిల్లులు బయటికి తీయండి. ఒక్క మే నెల బిల్లు చూసి సోలార్ సైజు నిర్ణయిస్తే మిగతా ఎనిమిది తొమ్మిది నెలలు అవసరానికి మించిన ప్యానెళ్లు డాబా మీద ఉంటాయి. వేసవిలో ఎన్ని యూనిట్లు, డిసెంబరులో ఎన్ని యూనిట్లు, ఆ తేడా ఎంత అన్నది రాసుకోండి. ఆ తేడాలో ఎక్కువ భాగం మీ ఏసీదే.

తర్వాత మీ ఏరియాలో కరెంటు ఎంత తరచుగా పోతుందో చూసుకోండి. ఆన్‌గ్రిడ్, హైబ్రిడ్ మధ్య నిర్ణయం దాదాపు దీని మీదే ఆధారపడుతుంది. ఇక డాబా: నీళ్ల ట్యాంకు, మెట్ల గది, పక్కన లేచిన మూడంతస్తుల ఇల్లు, కొబ్బరి చెట్టు, వీటి నీడ పడకుండా ఎంత చోటు మిగులుతుంది? ఒక కిలోవాట్‌కు నడవడానికి దారితో కలిపి దాదాపు 100 చదరపు అడుగులు పెట్టుకోవాలి. మన అక్షాంశాలకు ప్యానెల్ దక్షిణం వైపు, 15 డిగ్రీల అటూ ఇటూ వాలుతో ఉండాలి. డాబా మీ సొంతమా, అపార్ట్‌మెంట్ వాళ్లందరిదా అన్నది కూడా ముందే తేలాలి.

నాలుగోది ఏసీ వాడకం. "1.5 టన్ను ఏసీకి ఎన్ని కిలోవాట్ల సోలార్ కావాలి?" అని అడిగితే సరైన జవాబు రాదు, ఎందుకంటే మనకు కావలసింది యూనిట్ల లెక్క. ఏసీ మీద అంటించిన బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) స్టార్ లేబుల్ చూడండి. అందులో ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. ఆ అంకె 1600 గంటల వాడకానికి లెక్కగట్టింది. 800 అని ఉంటే గంటకు అర యూనిట్ అన్నమాట. విజయవాడలోనో రామగుండంలోనో మే నెల రాత్రి, పైగా పై అంతస్తు గదిలో అంత తక్కువకు నడవదు. లేబుల్ లెక్కకు సగం కలుపుకుంటే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. గంటకు ముప్పావు నుంచి ఒక యూనిట్, రాత్రికి ఎనిమిది గంటలు, అంటే రోజుకు 6 నుంచి 8 యూనిట్లు.

దీనికి ఎదురుగా ఒక కిలోవాట్ సోలార్ మన దగ్గర ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తుంది. అంటే రాత్రంతా నడిచే ఒక ఏసీకి రెండు కిలోవాట్లు. ఒక మాట గుర్తుంచుకోవాలి. ఎండ మండిపోయే మే నెలలోనే ప్యానెల్ అన్నిటికన్నా ఎక్కువ ఇస్తుందనుకుంటాం. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి దానికి పడదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ దాని శక్తి ఒక శాతంలో మూడో వంతు చొప్పున తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ ఒంటి వేడి 65 డిగ్రీలకు చేరిందంటే పన్నెండు పదమూడు శాతం అక్కడే పోయినట్టు. ఆకాశం నిర్మలంగా ఉండి వేడి ఇంకా ముదరని మార్చి బాగా పండే నెల. జులై, ఆగస్టుల్లో మబ్బుల వల్ల బాగా పడిపోతుంది.

## ఆన్‌గ్రిడ్: పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి తీసుకోవడం

మధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు తప్ప ఏమీ నడవవు. ప్యానెల్ ఇచ్చే మిగతా కరెంటు వీధి లైన్‌లోకి వెళ్తుంది. రాత్రి ఏసీ వేసినప్పుడు అదే లైన్ నుంచి తిరిగి తీసుకుంటాం. నెట్ మీటర్ రెండు అంకెలూ చూపిస్తుంది, తీసుకున్నది, ఇచ్చింది. తేడాకే బిల్లు. గ్రిడ్ ఇక్కడ మనకు బ్యాంకు ఖాతాలా పనిచేస్తుంది. ఏసీ ఏదైనా ఫరవాలేదు, మార్చక్కర్లేదు.

దీని లాభం అంతా స్లాబుల్లో, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరిగే మెట్లలో ఉంది. సోలార్ యూనిట్లు బిల్లు పై అంచు నుంచి, అంటే అన్నిటికన్నా ఖరీదైన స్లాబు నుంచి కోసుకుంటూ వస్తాయి. 2025-26 టారిఫ్ ప్రకారం ఒక్క ఎనర్జీ ఛార్జీలు మాత్రమే చూస్తే ఇలా ఉంటుంది. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం.

| నెల వాడకం | ఆంధ్రప్రదేశ్ (రూ.) | తెలంగాణ (రూ.) |
|---|---|---|
| 100 యూనిట్లు | 305 | 253 |
| 200 యూనిట్లు | 867 | 820 |
| 300 యూనిట్లు | 1,673 | 1,790 |
| 400 యూనిట్లు | 2,548 | 2,690 |
| 500 యూనిట్లు | 3,523 | 3,640 |

నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి మూడు కిలోవాట్ల సోలార్ 300 యూనిట్లు తగ్గిస్తే ఆంధ్రలో 2,200 పైన, తెలంగాణలో 2,400 పైన మిగులుతుంది. అదే 150 యూనిట్లు వాడే ఇంట్లో బిల్లు మొత్తం సున్నా అయినా మిగిలేది 570, 580 రూపాయలే. సోలార్ పెట్టుబడి ఎన్నేళ్లకు తిరిగొస్తుందన్నది ఈ పట్టికలో మీరు ఏ వరసలో ఉన్నారన్న దాన్ని బట్టే. తెలంగాణలో 200 దాటిన మరుక్షణం మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 200 యూనిట్లకు 820 ఉన్న బిల్లు 201కి వెయ్యి దాటుతుంది. ఏసీ ఉన్న ఇల్లు వేసవిలో సరిగ్గా ఈ గీతనే దాటేస్తుంది.

ఖర్చు సంగతి. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు లేదా అంతకు మించి ఎంత పెట్టినా 78,000 సబ్సిడీ వస్తుంది. అందుకే మూడు కిలోవాట్లు చాలా ఇళ్లకు సరైన సైజు అయి కూర్చుంది. సబ్సిడీకి ప్యానెల్, అందులోని సెల్ రెండూ దేశంలో తయారైనవే ఉండాలి. కొటేషన్‌లో డీసీఆర్ (దేశీయ తయారీ నిబంధన) అన్న మాట ఉందో లేదో చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ పరికరాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత కొటేషన్ పట్టుకుని ఉంటే కొత్తది అడగండి. సబ్సిడీ పోను మూడు కిలోవాట్లకు లక్షా పదివేల చుట్టుపక్కల మీ చేతి నుంచి పడుతుందనుకుంటే, 400 యూనిట్ల ఇంటికి నాలుగైదేళ్లలో తిరిగొస్తుంది. ప్యానెల్ వారంటీ సాధారణంగా 25 ఏళ్లు.

లోపం ఒక్కటే, కానీ పెద్దది. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. నడి మధ్యాహ్నం, నెత్తిన ఎండ, డాబా నిండా ప్యానెళ్లు, ఇంట్లో ఫ్యాన్ తిరగదు. లైన్ మీద పనిచేసే లైన్‌మన్‌కు మన కరెంటు తగలకుండా, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తానే ఆగేలా పెట్టిన రక్షణ ఇది, ఉండి తీరాలి. ఈ సంగతి అమ్మేవాళ్లు ముందే చెప్పాలి. చాలామందికి ఇది మొదటిసారి కరెంటు పోయినప్పుడే తెలుస్తోంది. ఇంట్లో ఇప్పటికే మామూలు బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అది ఫ్యాన్లకు, లైట్లకు ఎప్పటిలాగే పనిచేస్తుంది. రోజుకు అరగంట, గంట పోయే ఊళ్లకు ఈ జోడీ చాలు.

## హైబ్రిడ్: బ్యాటరీలో దాచుకోవడం

ఇందులో పగటి కరెంటు ముందు ఇంటికి, తర్వాత బ్యాటరీకి, ఇంకా మిగిలితే గ్రిడ్‌కు వెళ్తుంది. కరెంటు పోయినా ఇల్లు నడుస్తుంది. మాట వినడానికి చాలా బాగుంటుంది. ఏసీ దగ్గరికి వచ్చేసరికి లెక్క గట్టిగా చూసుకోవాలి.

మన ఇళ్లలో ఉండే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ తీసుకోండి. 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు, కాగితం మీద 1.8 యూనిట్లు. ఆ 150 అన్న అంకె బ్యాటరీని మెల్లగా ఇరవై గంటల పాటు వాడితే వచ్చేది. 1.5 టన్ను ఏసీ ఫుల్ లోడ్‌లో ఒకటిన్నర కిలోవాట్ లాగితే ఆ ఒక్క బ్యాటరీ నుంచి 120 ఆంపియర్లకు పైగా కరెంటు పోవాలి. అంత వేగంగా లాగితే అది ఇవ్వగలిగిందే బాగా తగ్గిపోతుంది, తీగలు వేడెక్కుతాయి, బ్యాటరీ ఆయుష్షూ పోతుంది. ఒక ట్యూబులర్ బ్యాటరీ మీద ఏసీ పెట్టుకోవాలన్న ఆలోచన మానుకోవడమే మంచిది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఈ పనికి సరైనది. నిల్వలో తొంభై శాతం దాకా వాడుకోవచ్చు, వేల సార్లు నింపి ఖాళీ చేయొచ్చు. కానీ రాత్రంతా ఒక ఏసీకి 6 నుంచి 8 యూనిట్లు కావాలన్నాం కదా, అంటే 8 నుంచి 10 యూనిట్ల బ్యాటరీ. 5 యూనిట్లదే లక్ష రూపాయల చుట్టుపక్కల మొదలవుతుంది. బ్యాటరీకి సూర్యఘర్ సబ్సిడీ లేదు, అది ప్యానెళ్ల సామర్థ్యానికే. గ్రిడ్ ఉచితంగా చేసే పనికి ఇంత డబ్బు పోయడం నెట్ మీటరింగ్ ఉన్నంతకాలం బిల్లు లెక్కలో తేలదు.

మరి ఎవరికి? ఇంట్లో ఆక్సిజన్ మెషీన్ మీదో, గాలి పరుపు మీదో ఉన్న పెద్దవాళ్లుంటే, పసిబిడ్డ ఉంటే, వేసవిలో రోజూ గంటల తరబడి కరెంటు పోయే ఊరైతే, తుఫాను వస్తే రోజుల తరబడి లైన్ రాని తీరప్రాంతమైతే హైబ్రిడ్‌కు అర్థం ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ఎన్ని రోజులు చీకట్లో ఉందో చూసినవాళ్లకు దీన్ని డబ్బుతో మాత్రమే కొలవకూడదని తెలుసు. అలాంటప్పుడు కూడా ఇల్లు మొత్తాన్ని బ్యాటరీ మీద వేయొద్దు. ఒక పడకగదిలో 1 టన్ను 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ, ఫ్యాన్లు, ఫ్రిజ్, మోటారు తప్ప మిగతావి వేరే లైన్‌లో ఉంచాలి. వైరింగ్ ఇలా విడదీయించడం ఇల్లు కట్టేటప్పుడైతే చాలా తేలిక.

మధ్యే మార్గం ఒకటుంది. ఇప్పుడు హైబ్రిడ్ ఇన్వర్టర్ మాత్రం పెట్టించుకుని బ్యాటరీ తర్వాత కొనుక్కోవడం. ఇన్వర్టర్‌కు కాస్త అదనం పడుతుంది. కొన్ని మోడళ్లు బ్యాటరీ లేకుండా నడవవు, ఆ సంగతి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి.

## సోలార్ ఏసీ: దాచకుండా పగలే వాడేయడం

మార్కెట్లో సోలార్ ఏసీ పేరుతో అమ్మేవి ప్యానెళ్ల నుంచి డీసీ కరెంటును నేరుగా తీసుకుంటాయి, చాలకపోతే ఇంటి కరెంటు కలుపుకుంటాయి. నెట్ మీటర్ అక్కర్లేదు, ఆఫీసు చుట్టూ తిరిగే పని లేదు. క్లినిక్, ట్యూషన్ సెంటర్, టైలరింగ్ షాపు, పగలు ఇంట్లోనే కూర్చుని పనిచేసేవాళ్ల గది, వీటికి చక్కగా సరిపోతుంది. ఎండ పెరిగేకొద్దీ చల్లదనం అవసరమూ పెరుగుతుంది, రెండూ ఒకే వేళకు వస్తాయి.

పడకగదికి మాత్రం నేను వద్దంటాను. రాత్రి అది మామూలు ఏసీయే, పూర్తిగా ఇంటి కరెంటు మీదే నడుస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏసీ ఆపేస్తే దాని ప్యానెళ్లు డాబా మీద ఖాళీగా పడి ఉంటాయి, ఆ కరెంటు ఫ్రిజ్‌కూ రాదు, గీజర్‌కూ రాదు. పాడైతే మీ ఊళ్లో రిపేరు చేసేవాళ్లు ఉన్నారా అన్నది ఇంకో ప్రశ్న. అదే డబ్బుతో ఆన్‌గ్రిడ్ ప్యానెళ్లు, మామూలు 5 స్టార్ ఏసీ విడివిడిగా కొంటే ఏడాది పొడవునా ప్రతి యూనిట్టూ లెక్కలోకి వస్తుంది.

## వేడినీళ్లు: ట్యాంకులో దాచుకోవడం

ఆదిలాబాద్‌లోనో, లంబసింగిలోనో తప్ప మనకు చలికాలంలో గది వెచ్చబెట్టే అవసరం పెద్దగా లేదు. మన ఇళ్లలో వేడి అంటే స్నానం నీళ్లే. ఇక్కడ మూడు దారులున్నాయి: గీజర్, ఎండతో నేరుగా కాగే సోలార్ వాటర్ హీటర్, గాలిలోని వేడిని నీళ్లకు ఎక్కించే హీట్ పంప్. 100 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60కి తీసుకెళ్లడానికి 4 యూనిట్ల వేడి కావాలి. ఆ లెక్కతో పోలిస్తే:

| | ప్యానెళ్లు + గీజర్ | సోలార్ వాటర్ హీటర్ | ప్యానెళ్లు + హీట్ పంప్ |
|---|---|---|---|
| 100 లీటర్లకు కరెంటు | 4 యూనిట్ల పైన | ఎండ ఉంటే ఏమీ లేదు | ఒకటిన్నర యూనిట్ లోపు |
| డాబా మీద ప్యానెల్ చోటు | 5 చదరపు మీటర్లు | 2 చదరపు మీటర్లు | 2 చదరపు మీటర్లు |
| ముసురు పట్టినప్పుడు | గ్రిడ్ ఉంది, ఇబ్బంది లేదు | కాయిల్ వేసుకోవాలి | ఇబ్బంది లేదు |
| వేసవిలో | ఆ ప్యానెళ్లు ఏసీకి పనికొస్తాయి | వేడి వృథా | ఆ ప్యానెళ్లు ఏసీకి పనికొస్తాయి |
| మొదటి ఖర్చు | గీజర్ వరకే | మధ్యస్థం | ఎక్కువ |

చివరి నుంచి రెండో వరస దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఎండను వేడిగా మార్చడంలో వాటర్ హీటర్‌ను మించింది లేదు. తన మీద పడిన ఎండలో సగం దాకా అది నీళ్లలోకి పంపుతుంది, ప్యానెల్ ఐదో వంతునే కరెంటుగా మారుస్తుంది. కానీ మనం చన్నీళ్లే వేడిగా వస్తున్నాయని గోలపెట్టే ఏప్రిల్, మే నెలల్లో వాటర్ హీటర్ కొట్టే ఎండనంతా పట్టుకుని చేసేదేమీ లేదు. అదే చోట ప్యానెల్ ఉంటే ఏసీకి పనికొస్తుంది. చిన్న కుటుంబం, నలుగురు మనుషులు, బకెట్ స్నానాలు అయితే చలికాలంలో రోజుకు రెండు యూనిట్లతో గీజర్ పని అయిపోతుంది. అంత మాత్రానికి వేరే వాటర్ హీటర్ అక్కర్లేదు, సోలార్ సైజు అర కిలోవాట్ పెంచుకుంటే చాలు.

ఉమ్మడి కుటుంబం, హాస్టల్, ఇంట్లో పాడి ఉండి గిన్నెలు కడగడానికి ఏడాది పొడవునా వేడినీళ్లు కావలసినవాళ్లు, వీళ్లకు వాటర్ హీటరే. అందులో ఏ రకం అన్నది మీ బోరు నీళ్లు చెబుతాయి. కుళాయి మూతి దగ్గర, గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతోందంటే నీళ్లు గట్టివి. రాగి గొట్టాలున్న ఫ్లాట్ ప్లేట్ రకంలో ఆ సన్నటి గొట్టాలు లోపల పేరుకుని మూసుకుపోతాయి. గాజు గొట్టాల రకంలో గొట్టం వెడల్పుగా ఉంటుంది, అడుగున పేరుకున్నది తీసి కడుక్కోవచ్చు, ఒక గొట్టం పగిలితే అదొక్కటే మార్చుకోవచ్చు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా బోర్లకు గాజు గొట్టాలే నయం. కోతులు తిరిగే ఊళ్లో మాత్రం ఇంకోసారి ఆలోచించండి.

ఇంకో రెండు సంగతులు ఎవరూ చెప్పరు. మామూలు సోలార్ హీటర్‌కు చన్నీళ్ల ట్యాంకు దానికన్నా ఎత్తులో ఉండాలి. లేకపోతే ట్యాంకుకు కొత్త స్టాండ్ కట్టించాలి. డాబా మీద నుంచి కింది అంతస్తు బాత్‌రూమ్ దాకా పైపు పొడవు ఎక్కువైతే ప్రతి పొద్దునా మొదటి బకెట్ చన్నీళ్లే వస్తాయి. పైపుకు ఇన్సులేషన్ వేయించినా రాత్రంతా నిలిచిన నీళ్లు చల్లారక తప్పదు.

హీట్ పంప్ అంటే ఏసీ చేసే పనినే తిరగేసి చేసే యంత్రం, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి పంపుతుంది. మన వాతావరణం వెచ్చన కాబట్టి ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడి తేలిగ్గా ఇస్తుంది. టైమర్‌తో మధ్యాహ్నం నడిపితే సోలార్ కరెంటుతోనే ట్యాంకు నిండుతుంది. ఖరీదు వల్ల ఇప్పటికి పెద్ద కుటుంబాలకు, కొత్తగా కట్టుకునే ఇళ్లకు పరిమితం.

## ఏసీ పని తగ్గిస్తే సోలార్ చిన్నదవుతుంది

పై అంతస్తులో ఉండేవాళ్లకు ఈ భాగం మిగతా వాటన్నిటికన్నా ముఖ్యం. పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండు దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది, ఏసీ సగం పని ఆ వేడితోనే. డాబా మీద ప్యానెళ్లు వేస్తే వాటి నీడ స్లాబుకు గొడుగు పడుతుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో కొలిచి చూస్తే ప్యానెళ్ల కింది సీలింగు ఎండలో ఉన్న సీలింగు కన్నా పగటిపూట దాదాపు మూడు డిగ్రీల సెల్సియస్ చల్లగా ఉంది. కాబట్టి చోటు ఎక్కడైనా ఒకటే అన్నప్పుడు పడకగది మీదికి వచ్చేలా ప్యానెళ్లు పెట్టించండి. మిగిలిన డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

ఏసీని 20 దగ్గర కాకుండా 24 మీద పెట్టి ఫ్యాన్ వేసుకుంటే బీఈఈ లెక్క ప్రకారం డిగ్రీకి 6 శాతం చొప్పున కరెంటు మిగులుతుంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 వాట్ల చుట్టుపక్కల చాలు. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ఎండల ఊళ్లలో 200 వాట్ల లోపు కూలర్ చాలా రాత్రులు గట్టెక్కిస్తుంది. కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో కూలర్ గదిని ఇంకా తడి చేయడం తప్ప చేసేదేం లేదు, అక్కడ ఏసీ తప్పదు. ఇవన్నీ చేశాక చూస్తే ఐదు కిలోవాట్లు కావాలనుకున్న ఇల్లు మూడింటితో సరిపెట్టుకోగలుగుతుంది, సబ్సిడీ కూడా అక్కడికే ఆగుతుంది.

## ఎవరికి ఏది

సొంత ఇల్లు, వేసవిలో 300 యూనిట్లు దాటే బిల్లు, కరెంటు బాగా ఉండే ఊరు: రెండు నుంచి మూడు కిలోవాట్ల ఆన్‌గ్రిడ్, 5 స్టార్ ఇన్వర్టర్ ఏసీ, మామూలు గీజర్. ఇంకేమీ వెతకొద్దు.

తెలంగాణలో గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తున్నవాళ్లు: 200 యూనిట్ల లోపే ఉంటున్నారంటే సోలార్ వల్ల మిగిలేది ఏమీ లేదు. ఆ డబ్బు కూల్ రూఫ్ మీద, బీఎల్‌డీసీ ఫ్యాన్ల మీద పెట్టండి, ఏసీ కొన్నా 200 దాటకుండా ఉండటానికి అదే సాయపడుతుంది.

అపార్ట్‌మెంట్ వాళ్లు: డాబా అందరిదీ కాబట్టి మీ ఫ్లాట్‌కు విడిగా పెట్టుకోవాలంటే సొసైటీ అనుమతి కావాలి. తేలికైన దారి లిఫ్ట్, మోటార్లు, లైట్ల ఉమ్మడి మీటర్‌కు సోలార్ పెట్టించడం. సూర్యఘర్‌లో సొసైటీలకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది. మెయింటెనెన్స్ తగ్గుతుంది, మీ ఏసీ బిల్లు మాత్రం తగ్గదు. పై అంతస్తు ఫ్లాట్ల వాళ్లు ఈ ప్రతిపాదనకు ముందుండాలి, నీడ లాభం మీదే.

అద్దె ఇల్లు: ఇంటి ఓనర్‌తో మాట్లాడి చూడొచ్చు, కానీ మీ డబ్బు పెట్టొద్దు. మంచి స్టార్ రేటింగ్ ఏసీ కొనుక్కోండి, ఇల్లు మారితే వెంట వస్తుంది.

గంటల తరబడి కోతలున్న పల్లె, తీరప్రాంతం, ఇంట్లో రోగులున్నవాళ్లు: హైబ్రిడ్, లిథియం బ్యాటరీ, ఒక్క గదికి ఏసీ.

అమెరికాలో ఉన్న మనవాళ్లు: మీ లెక్క వేరు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ 15 తర్వాత దరఖాస్తు చేసినవాళ్లకు గ్రిడ్‌కు ఇచ్చే కరెంటుకు వచ్చే విలువ దాదాపు ముప్పావు వంతు పడిపోయింది. అక్కడ గ్రిడ్‌లో దాచుకోవడం గిట్టదు, బ్యాటరీ గిట్టుతుంది, మధ్యాహ్నమే ఇల్లు చల్లబరిచి పెట్టుకోవడమూ గిట్టుతుంది. న్యూజెర్సీ లాంటి చలి ప్రాంతాల్లో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంప్‌కు అసలు అవసరం జనవరిలో, ఎండ బాగా తక్కువ ఉండేదీ అప్పుడే. ఒక రాత్రి కోసం కాక ఒక కాలం నుంచి ఇంకో కాలానికి దాచాల్సిన అవసరం అది, బ్యాటరీతో కాదు, మీ రాష్ట్రం నెట్ మీటరింగ్ రూల్‌తోనే తేలాలి. 30 శాతం ఫెడరల్ టాక్స్ క్రెడిట్ 2025 డిసెంబరు 31తో ముగిసింది, అది కలిపి చూపించే పాత లెక్కల్ని పక్కన పెట్టండి.

## పెట్టించేటప్పుడు

స్ట్రక్చర్ దగ్గర బేరం ఆడొద్దు. వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోవడానికి, రాత్రి పడుకోవడానికి డాబా కావాలంటే ఎనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అడుగుతాం, అడగడంలో తప్పులేదు. ఎత్తు పెరిగేకొద్దీ గాలి దెబ్బ పెరుగుతుంది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఎక్కడున్నా గాల్వనైజ్డ్ స్టీలు, స్లాబులోకి దిగిన బోల్టులు ఉండాలి, ఎంత గాలి వేగానికి డిజైన్ చేశారో కాగితం మీద రాయించుకోవాలి. బోల్టులు దింపిన చోట వాటర్‌ప్రూఫింగ్ ఎవరి బాధ్యతో కూడా అందులోనే ఉండాలి.

ప్యానెళ్ల దగ్గరికి ఒక కుళాయి లాగించుకోండి. వేసవి దుమ్ముకు పదిహేను రోజులకోసారి కడగాలి, అదీ తెల్లవారాకనే. కాగిన గాజు మీద నడి మధ్యాహ్నం చన్నీళ్లు పోయకూడదు. బోరు నీళ్లు గట్టివైతే అద్దం మీద మరకలు కట్టకుండా తుడవాలి.

దరఖాస్తు, ఫిట్టింగ్, తనిఖీ, నెట్ మీటర్ బిగింపు ఒకదాని తర్వాత ఒకటి జరగాలి. మీటర్ వచ్చేదాకా గ్రిడ్‌కు వెళ్లిన యూనిట్లు మీ లెక్కలోకి రావు. బిల్లు చూసి మే నెలలో పరుగెత్తితే ఆ వేసవి చేతికి దొరకదు. దసరా, దీపావళి మధ్య కొటేషన్లు తెచ్చుకుని, సంక్రాంతి లోపు ప్యానెళ్లు ఎక్కించుకుంటే మార్చిలో మీటరు ఎక్స్‌పోర్ట్ చూపించడం మొదలుపెడుతుంది, ఏసీ వేసే రోజుకు కొన్ని వందల యూనిట్లు ఇచ్చిన లెక్కలో ఉంటాయి. ఆ మిగులును ఎన్ని నెలల దాకా ముందుకు తీసుకెళ్లనిస్తారో మీ డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసులో అడిగి, ఆ తర్వాతే సైజు ఖాయం చేసుకోండి.